మసత్లాన్‌లో మా కాపురం: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది కాకినాడ. 2022 సెప్టెంబరు నుంచి మెక్సికో పడమటి తీరంలోని మసత్లాన్‌లో ఉంటున్నాం. మావారిది ఇంట్లోంచే ఆన్‌లైన్‌లో చేసుకునే ఉద్యోగం. అంతకుముందు అమెరికాలో ఉండేవాళ్ళం. చుట్టాలూ స్నేహితులూ, ఇటువైపు రావాలనుకుంటున్న తెలుగువాళ్ళూ అడిగేవి ఇంచుమించు ఇవే ప్రశ్నలు. అందుకే అన్నిటికీ ఒక్కచోట జవాబు రాస్తున్నాను.

అసలు ఈ ఊరు ఎక్కడుంది?

సినలోవా రాష్ట్రంలో, పసిఫిక్ ఒడ్డున. కర్కాటక రేఖకు కొంచెం దక్షిణంగా ఉంటుంది. ఊరి పేరుకు అక్కడి పాత భాష నవ్వాత్ల్‌లో జింకలుండే చోటు అని అర్థం. పెద్ద రొయ్యల రేవు. సముద్రం వెంబడి దాదాపు 21 కిలోమీటర్ల పొడవున నడిచే బాట ఉంది, దాన్ని మలెకోన్ అంటారు. రోజూ సాయంత్రం ఊరు ఊరంతా అక్కడే ఉంటుంది: పిల్లల సైకిళ్ళు, ముసలివాళ్ళ కబుర్లు, మొక్కజొన్న కండెల బళ్ళు.

మీ రోజు ఎలా గడుస్తుంది?

ఎక్కువమంది అడిగేది ఇదే. నాకు చెప్పడం ఇష్టమైనదీ ఇదే.

పొద్దున్నే వీధిలో మంచినీళ్ళ బండి కేక వినిపిస్తుంది. ఇక్కడ కుళాయి నీళ్ళు తాగరు. 20 లీటర్ల క్యాన్, దాన్ని గరఫోన్ అంటారు, ఖాళీది ఇచ్చి నిండుది తీసుకోవాలి. నీళ్ళబ్బాయి దాన్ని భుజాన వేసుకుని రెండంతస్తులూ ఎక్కి వస్తాడు. తర్వాత గ్యాస్ బండి, దాని పాట దానిది. కొన్ని రోజులు కత్తులకు సాన పట్టేవాడి పిల్లనగ్రోవి వినిపిస్తుంది. చిన్న స్వరాన మొదలై జర్రున పైకి వెళ్ళి మళ్ళీ కిందికి దిగుతుంది. అది వినగానే వంటింట్లోంచి కత్తిపీట పట్టుకుని పరిగెత్తాను ఒకసారి. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, కింద కూర్చుని కాలితో తొక్కిపెట్టి ఎలా తరగాలో నేను చూపించేదాకా పని మొదలుపెట్టలేదు. సాన పట్టాక బొటనవేలు అంచుకు ఆనించీ ఆనించకుండా చూసుకుని, డబ్బులు తీసుకునే ముందు ఇంకోసారి టొమాటో తరిగి చూపించమన్నాడు.

వారానికి రెండుసార్లు ప్లాయా నోర్తేకి వెళ్తాను. అది చేపల పడవలు ఒడ్డుకు చేరే చోటు. పడవలను ఇక్కడ పాంగాలంటారు. ఇసుకలోకి లాగేసరికి గూడబాతులు చుట్టూ మూగుతాయి, చేపలు కోసేవాళ్ళు విసిరే పేగుల కోసం. ఇక్కడ సియెర్రా అనే చేప ఉంది, మన వంజరానికి దగ్గరి చుట్టం. రెండూ ఒకే కుటుంబంలోవి. సియెర్రా ఒంటి మీద పసుపు చుక్కలుంటాయి. ఇక్కడివాళ్ళు దాన్ని సన్నగా తురిమినట్టు కొట్టి, నిమ్మరసం పిండి, క్యారెట్, ఉల్లిపాయ కలిపి పచ్చిదే తింటారు. నేను మాత్రం ముక్కలు కోయించుకుని పులుసు పెడతాను. మొదటిసారి ముక్కలు ఎంత మందాన కావాలో వేళ్ళతో చూపించాను. ఇప్పుడు నన్ను చూడగానే చేపలు కోసే ఆయన అంతే మందాన కోసేస్తాడు, అడగడు.

రొయ్యలకైతే పాత ఊళ్ళో, అంటే ఊరి పాత భాగంలో, అకీలెస్ సెర్దాన్ వీధికి వెళ్ళాలి. అక్కడ ఆడవాళ్ళు గొడుగుల కింద బరువైన ప్లాస్టిక్ టబ్బుల్లో, ఐస్ మీద రొయ్యలు పోసుకుని అమ్ముతారు. వాళ్ళని చంగెరాస్ అంటారు. పరిమాణం బట్టి టబ్బు, టబ్బును బట్టి ధర. ఆ కేకలూ తూకాలూ కొసరు వెయ్యమని అడిగే ధోరణీ కాకినాడ చేపల బజారులాగే ఉంటాయి, భాష ఒక్కటే తేడా. మనకు తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉన్నట్టే, ఇక్కడ రొయ్యలకు ఇంచుమించు మార్చి నుంచి సెప్టెంబరు దాకా నిషేధం. ఆ నెలల్లో దొరికేవి చెరువులవీ, ఫ్రీజర్‌లవీ. నిషేధం ఎత్తేశాక మొదటి పడవలు వచ్చిన వారం ఊళ్ళో పండగ వాతావరణం.

పదకొండింటికి తోర్తియల కొట్టు దగ్గర లైను. మొక్కజొన్నల్ని సున్నం వేసి ఉడకబెట్టి, రుబ్బి, ఆ పిండితో చేసే రొట్టెలు. కిలోల లెక్కన అమ్ముతారు. గుడ్డలో చుట్టుకుని ఇంటికి తెచ్చేలోపు ఒకటి ఉప్పు చల్లుకుని నడుస్తూ తినేస్తాను. అక్కడ లైనులో ఉన్నవాళ్ళలో సగం మంది చేసే పని అదే.

స్పానిష్ రాకపోతే బతకగలమా?

బతకొచ్చు. శీతాకాలంలో అమెరికా, కెనడాల నుంచి వచ్చి ఉండేవాళ్ళు చాలామంది కాబట్టి హోటళ్ళ దగ్గర ఇంగ్లిష్‌తో నెట్టుకురావచ్చు. కానీ ఊరు మీది కావాలంటే స్పానిష్ కావాలి. మొదటి ఆరు నెలలూ నాకు వంద మాటలకు మించి రాలేదు. ఆ వందలో అన్నిటికంటే పనికొచ్చినవి పలకరింపులే. కొట్లోకి అడుగుపెడుతూ ‘బ్వేనోస్ దియాస్’ అనకుండా సరుకు అడిగితే ఇక్కడ అది మొరటుతనం. డాక్టరు గదిలో ఎదురుచూస్తున్న పదిమందికీ కలిపి ఒకసారి చెప్పాలి, పదిమందీ తిరిగి చెప్తారు. హోటల్లో మీరు తింటుంటే మీ బల్ల పక్కనుంచి వెళ్ళే ముక్కూమొహం తెలియని మనిషి ‘ప్రొవేచో’ అంటాడు, తిన్నది ఒంటపట్టాలని. నాకు ఈ ఊళ్ళో బాగా నచ్చిన మాట అది.

తెలుగువాళ్ళకు ఒక సుఖం ఉంది. మీరు, నువ్వు తేడా మనకు కొత్త కాదు కదా. వాళ్ళకూ ఉస్తేద్, తూ అని రెండున్నాయి. పెద్దవాళ్ళని ఎలా పిలవాలా అని టెన్షన్ పడక్కర్లేదు. మనం తెలుగులో ఎవరిని మీరు అంటామో వాళ్ళని ఉస్తేద్ అంటే చాలు. అలాగే ‘అవొరీత’ అనే మాట ఉంది. ఇప్పుడే అని అర్థం, కానీ మన దగ్గర ‘ఇదిగో వచ్చేస్తున్నా’ అన్నట్టే. అయిదు నిమిషాలు కావచ్చు, సాయంత్రం కావచ్చు.

మన వంట కుదురుతుందా?

కుదురుతుంది. మన వంటింట్లో ఉండేవి సగం ఈ దేశం నుంచి వచ్చినవే. మిరప పుట్టిల్లు ఇది. పోర్చుగీసువాళ్ళు తెచ్చేదాకా మనకు కారమంటే మిరియాలే. మొక్కజొన్న ఇక్కడిది, సపోటా ఇక్కడిది. ఆ పేరు కూడా ఇక్కడి నవ్వాత్ల్ మాట నుంచి పుట్టినదే. నాగజెముడు కూడా ఇక్కడిదే. మనం కంచెగా వేసి వదిలేశాం, వీళ్ళు ముళ్ళు చెక్కి కూరగా తింటారు. బజారులో ఆడవాళ్ళు కూర్చుని కత్తితో ముళ్ళు దులపడం చూస్తుంటే పొద్దు తెలియదు. ఉడికితే బెండకాయలా జిగురు. నేను బెండకాయ వేపుడు చేసినట్టే చేస్తాను, చాలా బాగుంటుంది.

ఇక అటునుంచి ఇక్కడికి వచ్చినవి. 1565 నుంచి 1815 దాకా మనీలాకూ అకపుల్కోకూ మధ్య ఓడలు తిరిగాయి. మామిడి ఆ దారిన వచ్చింది, అందుకే ఇక్కడ ఒక రకం పేరే మనీలా. మా జిల్లాకి దక్షిణాన రొసారియో, ఎస్క్వినాపా వైపు కనుచూపు మేర మామిడి తోటలు. చింతపండు ఏ కొట్లోనైనా దొరుకుతుంది. దానితో షర్బత్ చేస్తారు, ఉప్పూ కారం కలిపి ఉండలు చేసి పిల్లలకు అమ్ముతారు. పచ్చిమామిడికాయ ఉప్పూకారంతో తినడం వీళ్ళకు మనం నేర్పక్కర్లేదు. మలెకోన్ మీద బండివాడు పండుని పుల్లకు గుచ్చి, చెక్కు తీసి, కత్తితో రేకలు రేకలుగా కోసి పువ్వులా విప్పుతాడు. మీద నిమ్మకాయ పిండి, కారం చల్లి చేతికిస్తాడు. రసం మోచేతి దాకా కారుతుంది. అందరికీ అంతే కారుతుంది కాబట్టి ఎవరూ ఏమీ అనుకోరు.

జమైకా అని ఎర్రటి షర్బత్ ఒకటి ప్రతి హోటల్లోనూ ఉంటుంది. ఏమిటా అని చూస్తే అది గోంగూర కుటుంబమే, ఎర్ర గోంగూర పువ్వు అడుగున ఉండే రేకల్ని ఎండబెట్టి కాచినది. వీళ్ళకు ఆకు సంగతి పట్టదు. మొక్కలమ్మే చోట ఒకటి దొరికితే కుండీలో పెట్టాను. ఆకు కోసి పచ్చడి చేసిన రోజు మేడ కింద పక్కింటావిడ వాసనకే పైకొచ్చింది. ఆ పచ్చడి తోర్తియలో పెట్టుకుని తిని, ఇంకోటి అడిగింది.

2024 ఉగాది సంగతి చెప్పకుండా ఉండలేను. ఆ ఏడు ఏప్రిల్ 8న సంపూర్ణ సూర్యగ్రహణం ఉత్తర అమెరికా ఖండంలో మొదట తాకింది మా ఊరినే. పదకొండు దాటిన కాసేపటికి నాలుగు నిమిషాల పైచిలుకు పట్టపగలు చీకటి. పక్షులు గూళ్ళకు మళ్ళాయి, మలెకోన్ దీపాలు వెలిగాయి, జనం ఏడ్చినవాళ్ళు ఏడ్చారు. మా మేడ మీద గర్భిణి ఒకామె ఎర్రబట్ట కట్టుకుని, నడుము దగ్గర పిన్నీసు పెట్టుకుని ఇంట్లో కూర్చుంది. ఇక్కడి ఆచారం అది. కాకినాడలో అప్పుడు రాత్రి పదకొండున్నర దాటింది. అక్కడ గ్రహణం కనిపించదు, అయినా అమ్మ నిద్రపోకుండా ఫోన్ చేసి ‘నువ్వేమీ తినకు’ అంది. నేను తినలేదు. గ్రహణం ఇంకా పూర్తిగా విడవకుండానే అమావాస్య వెళ్ళి పాడ్యమి వచ్చింది. మర్నాడు పచ్చడికి కావలసినవన్నీ పీనో సువారెస్ బజారులో కొన్నాను: చింతపండు, మామిడికాయ, పచ్చిమిర్చి, పిలొంసీయో అనే బెల్లం. అది అచ్చు మన అచ్చుబెల్లమే, శంకువులా పోస్తారు. వేపపువ్వు మాత్రం కొనలేదు. మా వీధి చివర వేపచెట్టు ఉంది, పూసి ఉంది. ఇంటివాళ్ళని అడిగితే దేనికని అడిగారు. కొత్త సంవత్సరానికి చేదు తినాలని చెప్పాను. ఆ ఇంటి పెద్దాయన కాసేపు ఆలోచించి, తానే కొమ్మ వంచి పట్టుకున్నాడు.

కందిపప్పు, కరివేపాకు, ఇంగువ మాత్రం మా ఊళ్ళో దొరకవనే అనుకోండి. శనగలకు కొదవ లేదు, సినలోవాలో విపరీతంగా పండిస్తారు. టొమాటో కూడా అంతే, రాష్ట్రం బళ్ళ నంబరు ప్లేటు మీద కూడా దాని బొమ్మే వేసుకున్నారు.

శాకాహారులకు కష్టమా?

ఇంట్లో వండుకుంటే కాదు. బయటైతే అడిగి తినాలి, బీన్స్‌లో తరచుగా పంది కొవ్వు వేస్తారు.

వీసా ఎలా?

ఇండియన్ పాస్‌పోర్ట్‌తో పాటు చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా ఉంటే సందర్శనకు మెక్సికో వీసా విడిగా అక్కర్లేదు. కెనడా, బ్రిటన్, జపాన్, షెంగెన్ వీసాలకూ ఇదే సదుపాయం. గరిష్ఠంగా 180 రోజులు, అయితే ఎన్నాళ్ళు ఇవ్వాలో దిగినప్పుడు అధికారి నిర్ణయిస్తారు. అంతకు మించి ఉండాలంటే తాత్కాలిక నివాసానికి మెక్సికో బయట ఉన్న కాన్సులేట్‌లో దరఖాస్తు చేయాలి. ఆదాయమో పొదుపో చూపించాలి, ఆ మొత్తం ఏటా మారుతుంది కాబట్టి కాన్సులేట్‌నే అడగండి. వీసా చేతికొచ్చాక 180 రోజుల్లోపు దేశంలోకి రావాలి, వచ్చిన 30 రోజుల్లోపు వలస కార్యాలయంలో కార్డు పని మొదలుపెట్టాలి. మొదటి కార్డు ఏడాదికి, తర్వాత మూడేళ్ళ దాకా పొడిగింపు. నాలుగేళ్ళు నిండితే శాశ్వత నివాసం అడగొచ్చు. ఆ 30 రోజుల గడువు మాత్రం మర్చిపోకండి.

ఇల్లు కొనొచ్చా, అద్దెకు తీసుకోవాలా?

ముందు అద్దెకే ఉండండి, కనీసం ఒక వేసవి దాటేదాకా. తీరం నుంచి 50 కిలోమీటర్ల లోపు విదేశీయులు నేరుగా ఆస్తి కొనలేరు, బ్యాంకు ట్రస్టు ద్వారా కొనాలి. దాని గడువు 50 ఏళ్ళు, పొడిగించుకోవచ్చు.

మేం మొదట సముద్రానికి ఎదురుగా, పడమటి ముఖంగా ఉన్న ఫ్లాట్ తీసుకున్నాం. ఫొటోల్లో కళ్ళు చెదిరాయి. మధ్యాహ్నం రెండు నుంచి ఎండ నేరుగా మంచం మీదే. ఉప్పుగాలికి తలుపు గడియ మూడు నెలల్లో బిగుసుకుపోయింది, ఫ్రిజ్ వెనక తుప్పు, ఇస్త్రీపెట్టె కూడా తుప్పు. కరెంటు బిల్లు రెండు నెలలకోసారి వస్తుంది. వాడకం పెరిగేకొద్దీ శ్లాబు మారి రేటు పెరుగుతుంది, ఏడాది సగటు హద్దు దాటితే సబ్సిడీయే పోతుంది. ఆ ఇల్లు ఖాళీ చేసేటప్పుడు, తుప్పు మా వల్లేనని ఏజెంటు అడ్వాన్సు సగం పట్టుకున్నాడు. దిగేరోజే ప్రతి వస్తువుకూ ఫొటో తీసి పెట్టుకోకపోవడం మా పొరపాటు. ఇప్పుడు మూడు వీధులు లోపలికి, పాత ఊళ్ళో, ఎత్తు గోడల ఇంట్లో ఉన్నాం. అద్దె తక్కువ, గాలి ఎక్కువ, మేడ మీద మన దగ్గరలాగే నల్ల నీళ్ళ ట్యాంకు.

వేసవి, తుపానులు ఎలా ఉంటాయి?

జూన్ నుంచి అక్టోబరు దాకా ఉక్క. కాకినాడలో పెరిగినవాళ్ళకు చెప్పక్కర్లేదు, మేలో చొక్కా ఒంటికి అతుక్కునే ఉక్కే. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా స్వర్గం, రాత్రి దుప్పటి కావాలి.

ఈ సముద్రంలో తుపానుల కాలం మే 15 నుంచి నవంబరు 30. మేం వచ్చిన నెలలోపే, 2022 అక్టోబరు 3న, ఓర్లీన్ తుపాను ఊరికి దక్షిణాన తీరం దాటింది. నీళ్ళు పట్టడం, కొవ్వొత్తులు, కిటికీలకు చెక్కలు, అంతా మనకు తెలిసిన పనే. ఆ రాత్రి పక్కింటావిడ తలుపు తట్టి తమాలెస్ గిన్నె (మొక్కజొన్న పిండిని పొత్తులో చుట్టి ఆవిరికి ఉడికించేవి) ఇచ్చి వెళ్ళింది. అప్పటికి ఆవిడ పేరు కూడా నాకు తెలియదు.

భయం లేదా?

ఉంది, దాచను. సినలోవా పేరు వార్తల్లో ఎందుకొస్తుందో అందరికీ తెలుసు. 2024 సెప్టెంబరులో రాష్ట్ర రాజధాని కులియాకాన్‌లో మాదకద్రవ్యాల ముఠాల మధ్య మొదలైన పోరు రాష్ట్రమంతటా బతుకుల్ని కుదిపేసింది. అమెరికా ప్రభుత్వం ఈ రాష్ట్రానికి వెళ్ళొద్దనే హెచ్చరికను చాలా ఏళ్ళుగా పెడుతోంది, మసత్లాన్‌కు మాత్రం కొంత మినహాయింపుతో. మేముండే ఈ పాత ఊరి వీధుల్లో రాత్రి తొమ్మిదికి నడిచి ఇంటికి వస్తాం. కానీ చీకటి పడ్డాక ఊళ్ళ మధ్య రోడ్డు మీద కారు నడపం, వెళ్తే పగలే, టోల్ రోడ్డు మీదే. ఊరంతా జాగ్రత్తగా ఉన్న రోజు మేమూ ఇంట్లోనే ఉంటాం. చిన్నపిల్లలతో రావాలనుకునేవాళ్ళు బీచ్ ఫొటోలు చూసి నిర్ణయం తీసుకోకండి. బయల్దేరడానికి వారం ముందు తాజా హెచ్చరిక చదవండి, ఇక్కడ ఉంటున్నవాళ్ళతో మాట్లాడండి.

జబ్బు చేస్తే?

చాలా మందులషాపుల పక్కనే డాక్టరు గది ఉంటుంది, చిన్న ఫీజు. జలుబు, జ్వరాలకు అదే చాలు. పెద్దవాటికి ప్రైవేటు ఆసుపత్రులున్నాయి, బీమా తీసుకునే రండి. డెంగీ ఉంది, వానాకాలంలో దోమల జాగ్రత్త తప్పదు. అత్యవసరమైతే 911.

తిరగడానికి ఏముంది?

బస్సులున్నాయి. కానీ మా ఊరి ప్రత్యేకం పుల్మొనియా. తలుపులూ కిటికీలూ లేని టాక్సీ, 1965లో మొదలైంది. అన్నివైపులా గాలి తగులుతుంది, దానిలో వెళ్తే న్యుమోనియా వస్తుందని అప్పట్లో పోటీవాళ్ళు ప్రచారం చేశారట, ఆ పేరే నిలిచిపోయింది. మన ఆటోలాగే ఎక్కే ముందు రేటు మాట్లాడుకోవాలి. రాత్రి పూట మలెకోన్ మీద దానిలో వెళ్ళడం మా అత్తగారికి మెక్సికోలో అన్నిటికంటే నచ్చిన విషయం.

పండుగలు?

కార్నివాల్ పెద్దది, 1898 నుంచి జరుపుతున్నారు. దానిలో ‘చెడు మూడ్’ దిష్టిబొమ్మను తగలబెట్టే రోజొకటి ఉంది. పాతవన్నీ పోగేసి భోగిమంటల్లో వేసినవాళ్ళకు దాన్ని వివరించక్కర్లేదు. 1864లో ఫ్రెంచి ఓడను ఎదిరించిన జ్ఞాపకంగా సముద్రం మీద బాణసంచా యుద్ధం చేస్తారు.

నాకు మాత్రం నవంబరు మొదటి రెండు రోజులే ముఖ్యం. పోయినవాళ్ళ ఫొటోలు పెట్టి, వాళ్ళకు ఇష్టమైనవి వండి పెట్టి, బంతిపూలు పరుస్తారు. బంతి కూడా ఈ దేశం మొక్కే. బజారులో కట్టలు కట్టలుగా బంతిపూలు దిగిన రోజు ఆ వాసనకు అక్కడే ఆగిపోయాను. బతుకమ్మ వాసన, దసరా గుమ్మాల వాసన. మా నాన్నగారి ఫొటో కూడా పక్కింటావిడ తన బల్ల మీద పెట్టమంది. ఆయనకేం ఇష్టమని అడిగింది. ఫిల్టర్ కాఫీ అన్నాను. గ్లాసులో పోసి పెట్టింది, నురగతో సహా.

ఇంటి మీద బెంగ రాదా?

వస్తుంది. మాకూ కాకినాడకూ పన్నెండున్నర గంటల తేడా. గడియారం తిరగేసి అరగంట కలిపితే చాలు, లెక్క సులువు. ఇక్కడ ఉదయం ఎనిమిది అంటే అమ్మ రాత్రి భోజనం చేసి టీవీ కట్టేసే వేళ.

కాకినాడలో సూర్యుడు సముద్రంలోంచి వస్తాడు, ఇక్కడ సముద్రంలోకి వెళ్తాడు. దీపావళి రోజుల్లో ఇక్కడ అస్తమయమూ అక్కడ ఉదయమూ ఇంచుమించు ఒకే వేళకు పడతాయి. ఆ రోజుల్లో తమ్ముడు ఉప్పాడ రోడ్డు మీద నడకకు వెళ్ళి వీడియో కాల్ చేస్తాడు. నేను ఓలాస్ ఆల్తాస్ గోడ మీద కూర్చుని ఫోన్ సముద్రం వైపు తిప్పుతాను. నా దగ్గర మునిగాక ఒక్కోరోజు వాడి దగ్గర మబ్బు ఉంటుంది. అప్పుడు ‘రాలేదే, పంపించావా?’ అంటాడు.

వచ్చేవాళ్ళు ఏం తెచ్చుకోవాలి?

ఇంగువ, కందిపప్పు పొడి, కారప్పొడులు, కాఫీ ఫిల్టరు. చింతపండు, బెల్లం, ఆవాలు, ధనియాలు, జీలకర్ర తేవద్దు, ఇక్కడే దొరుకుతాయి. పచ్చి ఆకులు, విత్తనాలు విమానాశ్రయంలో పట్టుకుంటారు, కరివేపాకు మీద ఆశ వదులుకోండి. ఇస్త్రీ అక్కర్లేని నూలుబట్టలు, మంచి చెప్పులు. మా ఇంటికే వచ్చేవాళ్ళయితే ఒక మాగాయ సీసా ఎక్కువ పెట్టండి, అది పక్కింటావిడకు.